ఉప్పెన వస్తుందని ఉత్తరం రాసిన ఓడ కెప్టెన్



తుఫాను హెచ్చరిక వినని ఇల్లు మన సముద్రతీర విచారణల్లో ఒక్కటి కూడా ఉండదు. ఒకప్పుడు రేడియోలో విన్నాం, తర్వాత టీవీలో చూశాం, ఇప్పుడు సెల్‌ఫోనులో చదువుతున్నాం. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడింది, అది వాయుగుండంగా మారింది, ఫలానా రేవులో ఫలానా నంబరు ప్రమాద సూచిక ఎగరేశారు. బడికి వెళ్ళే పిల్లలకు కూడా ఈ మాటలు కంఠతా వచ్చు. సైక్లోన్ అనే మాటైతే చదువుతో పనిలేకుండా అందరి నోళ్ళలోనూ పడింది. వేటకు వెళ్ళే తాతయ్య కూడా సైక్లోను పట్టిందనే అంటాడు. ఆ మాటను ఎవరు పుట్టించారో, ఏ పని మీద పుట్టించారో మీరెప్పుడైనా ఆలోచించారా?

అది విశ్వవిద్యాలయంలో కూర్చున్న పండితుడు పెట్టిన పేరు కాదు. సముద్రం విడిచి కలకత్తాలో కాపురం పెట్టిన ఒక ఓడ కెప్టెన్ పెట్టిన పేరు. ఆయన హెన్రీ పిడింగ్టన్. మన గోదావరి మొగలోని కోరంగి ఎలా మునిగిందో లోకానికి అచ్చులో చెప్పిన వాళ్ళలో ఆయన ఒకరు. పుస్తకాలు రాశారు, పేరు తెచ్చుకున్నారు. కానీ ఆయన చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా పెద్దదిగా కనిపించేది ఒక ఉత్తరం. దాన్ని అందుకున్నవాడు సామాన్యుడు కాదు, భారతదేశ గవర్నర్ జనరల్. అందులోని మాటను మాత్రం ప్రభుత్వం పాటించలేదు. ఈ వారం ఆ కథ చెప్పుకుందాం.

పిడింగ్టన్ 1797 జనవరి 7న ఇంగ్లండులోని ససెక్స్ ప్రాంతంలో, అక్‌ఫీల్డ్ అనే ఊళ్ళో జన్మించారు. వర్తకపు ఓడల్లో చేరి కెప్టెన్ అయ్యారు. ఇండియాకు, చైనాకు వెళ్ళే ఓడల్లో తిరిగారు. ఆ తర్వాత సముద్రయానం మానుకొని బెంగాలులో స్థిరపడ్డారు. ఊరికే కూర్చునే మనిషి కాదాయన. మొక్కల మీద ఆసక్తి కలిగి, మన దేశపు మొక్కల పేర్లకు ఒక సూచిక తయారుచేసి 1832లో అచ్చు వేయించారు. మట్టి గురించి, ఖనిజాల గురించి పరిశీలనలు చేశారు. కలకత్తాలోని భూగర్భ సంపదల మ్యూజియానికి క్యూరేటర్‌గా పనిచేశారు. వీటన్నిటితోపాటు ఇంకొక బాధ్యత కూడా ఆయన మీద పడింది. ఓడ ప్రమాదాలను దర్యాప్తు చేసే నౌకా న్యాయస్థానానికి ఆయన అధ్యక్షులు. ఓడ మునిగితే తప్పు కెప్టెన్‌దా, లేక మనిషి చేతిలో లేని ఆపదా అని తేల్చవలసిన పని అది. ఎందరో నావికుల నోట తుఫాను కథలు వినే అవకాశం ఆయనకు అలా కలిగింది.

ఆ రోజుల్లో తుఫాను అంటే ఏమనుకునేవారో కొంచెం చెప్పాలి. పెద్ద గాలి ఒక దిక్కు నుంచి మరో దిక్కుకు తిన్నగా వీస్తుందని చాలామంది నమ్మకం. గాలి మధ్యలో హఠాత్తుగా ఆగిపోయి, అరగంట తర్వాత ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడితే దానికి కారణం చెప్పలేకపోయేవారు. అమెరికాలో విలియం రెడ్‌ఫీల్డ్ అనే ఆయన 1821లో వచ్చిన తుఫాను తర్వాత ప్రయాణం చేస్తూ ఒక వింత గమనించారు. ఒక చోట చెట్లు ఒక దిక్కుకు పడి ఉన్నాయి, కొంత దూరం పోయాక అదే తుఫానుకు చెట్లు ఎదురు దిక్కుకు పడి ఉన్నాయి. తుఫాను సుడి తిరుగుతుందని ఆయనకు తోచింది. 1831లో ఆ సంగతి ప్రకటించారు. ఆ తర్వాత విలియం రీడ్ అనే బ్రిటిష్ సైనిక ఇంజనీరు వెస్టిండీస్ తుఫానులను పరిశోధించి 1838లో పుస్తకం రాశారు. అది పిడింగ్టన్ గారి చేతికి వచ్చింది. బంగాళాఖాతం ఒడ్డున ఉన్న మనిషికి అలాంటి పుస్తకం దొరికితే ఊరుకుంటారా?

ఆయన పట్టుకున్న దారి చాలా సాదాగా ఉంటుంది. ప్రతి ఓడలోనూ ఒక దినచర్య పుస్తకం ఉంటుంది. ఏ వేళకు గాలి ఏ దిక్కు నుంచి వీచింది, బారోమీటరులో పాదరసం ఎంత దిగింది, ఓడ ఎక్కడుంది అన్నీ అందులో రాసిపెడతారు. ఒక్క ఓడ పుస్తకం చదివితే ఆ ఓడ పడిన పాట్లు తప్ప ఇంకేమీ తెలియదు. అదే తుఫానులో చిక్కుకున్న పది ఓడల పుస్తకాలు తెప్పించి, ఒకే వేళకు ఒక్కొక్క ఓడ దగ్గర గాలి ఎటు వీచిందో ఒకే పటం మీద బాణం గుర్తులు వేస్తే, ఆ బాణాలన్నీ కలిసి ఒక చక్రంలా తిరుగుతాయి. మర్నాటి బాణాలు వేస్తే ఆ చక్రం ఎటు జరిగిందో తెలుస్తుంది. కలకత్తా రేవుకు వచ్చే ఓడల నుంచి ఈ పుస్తకాలు సేకరించడం, రేవుల్లోని అధికారులకు, లైటుహౌసుల వాళ్ళకు ఉత్తరాలు రాయడం, వచ్చిన జవాబులను పటం మీదికి ఎక్కించడం... దాదాపు ఇరవై సంవత్సరాలు ఆయన ఈ పనిలోనే మునిగిపోయారు. 1839 జూన్ నెల తుఫాను మీద మొదటి వ్యాసం రాసి కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వేయించారు. ఆ సంవత్సరం ముగియకముందే మన కోరంగి మీద పిడుగు పడింది.

కోరంగి పేరు వినే ఉంటారు. కాకినాడకు దిగువన, గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట ఉన్న ఊరు. ఇప్పుడు మడ అడవులు చూడడానికి వెళ్ళేవాళ్ళు తప్ప దాన్ని తలచుకునేవాళ్ళు తక్కువ. ఆనాడు అది పెద్ద రేవు. ఓడలు కట్టేవారు, దెబ్బతిన్న ఓడలను తెచ్చి బాగుచేసేవారు. అక్కడి నుంచి ఎందరో తెలుగువాళ్ళు బర్మాకు వలస వెళ్ళినందువల్ల బర్మాలో తెలుగువాళ్ళకే కోరంగీలు అని పేరు వచ్చింది. అంతటి రేవు.

ఆ రేవును సముద్రం రెండుసార్లు మింగింది. మొదటిది 1789 డిసెంబరులో. ఆ సంగతిని పిడింగ్టన్ తన పుస్తకంలో చేర్చారు. తుఫాను ఉధృతంగా ఉన్న వేళ సముద్రం నుంచి మూడు పెద్ద అలలు ఒకదాని వెనక ఒకటి రావడం ఊరివాళ్ళు కళ్ళారా చూశారట. మొదటిది ఊళ్ళోకి కొన్ని అడుగుల నీళ్ళు తెచ్చింది. రెండోది చుట్టుపక్కల పల్లపు భూములన్నిటినీ ముంచింది. మూడోది వచ్చాక ఇక మిగిలిందేమీ లేదు. ఇరవై వేలమంది పోయారని ఆనాటి లెక్క. యాభై ఏళ్ళ తర్వాత, 1839 నవంబరు 25న రెండోసారి. పిడింగ్టన్ తన రెండో వ్యాసానికి తీసుకున్న తుఫాను అదే.

ఇక్కడ ఒక మాట. 1839 కోరంగి తుఫానులో 40 అడుగుల ఉప్పెన వచ్చిందని, 20,000 పడవలు నాశనమయ్యాయని, 3 లక్షలమంది చనిపోయారని అనేక పుస్తకాల్లో కనిపిస్తుంది. నేను దాన్ని నమ్మలేను. కోరంగి ఎంత పెద్ద రేవైనా ఇరవై వేల పడవలు పట్టే చోటు కాదు. పైగా 1737లో కలకత్తాలో వచ్చిన తుఫానుకు కూడా అచ్చం ఇవే అంకెలు చెబుతారు. ఒకరి పుస్తకంలోని లెక్క ఇంకొకరి పుస్తకంలోకి, ఒక ఊరి లెక్క ఇంకొక ఊరికి పాకిందేమోననిపిస్తుంది. ఊరు నాశనమైన మాట మాత్రం నిజం. చచ్చినవాళ్ళ సంఖ్య పెంచితే గాని మన దుఃఖం పెద్దది కాదన్నట్టు రాయడం నాకు నచ్చదు.

ఈ తుఫానులన్నిటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు పిడింగ్టన్ గారికి ఒక విషయం స్పష్టమైంది. నావికుడు గాలికి భయపడతాడు. నడిసముద్రంలో అది సబబే. కానీ ఒడ్డున ఉన్నవాడిని చంపేది గాలి కాదు, నీరు. మనం ఉప్పెన అంటాం. ఆ ఒక్క మాటలో మన పూర్వులు తుఫానుకూ దానికీ తేడా చెప్పారు. ఇంగ్లీషులో ఆనాటికి దానికి సరైన పేరు లేదు. పిడింగ్టన్ దాన్ని తుఫాను అల అన్నారు. అది ఒడ్డున విరిగే మామూలు కెరటం కాదని, తుఫానుతోపాటు కదిలివచ్చే నీటి దిబ్బ అని వివరించారు.

ఆ నీటి దిబ్బ ఏం చేయగలదో చూపిన ఉదంతం ఒకటి ఆయన వ్యాసాల్లో ఉంది. 1844 నవంబరులో బ్రిటన్, రన్నిమీడ్ అనే రెండు ఓడలు సైనికులను, వాళ్ళ భార్యాపిల్లలను ఎక్కించుకొని కలకత్తాకు వస్తున్నాయి. ఒకటి ఆస్ట్రేలియా నుంచి, మరొకటి ఇంగ్లండు నుంచి. ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు. అండమాన్ దగ్గర రెండూ ఒకే తుఫానులో చిక్కుకున్నాయి. చుక్కాని పనిచేయక, తెరచాపలు చిరిగి, కటిక చీకటిలో కొట్టుకుపోయి ఒకే రాత్రి ఒకే దీవి మీదికి వచ్చిపడ్డాయి. తెల్లవారాక చూస్తే బ్రిటన్ ఓడ సముద్రంలో లేదు. రాతి దిబ్బల పైనుంచి ఎగిరి వచ్చి మడచెట్ల మధ్య నిలబడి ఉంది. కొంత దూరంలో రెండో ఓడ. ఆ రెండు ఓడల్లోనూ కలిపి ఆరు వందలమందికి పైగా ప్రాణాలతో బయటపడ్డారు. వాళ్ళను కాపాడింది కూడా ఆ ఉప్పెనే. నీళ్ళు అంత ఎత్తున లేచి ఉండకపోతే రాళ్ళమీద ఓడలు ముక్కలయ్యేవి. కానీ ఓడను చెట్ల మధ్యకు మోసుకుపోగల నీరు అదే ఒడ్డున ఒక పల్లె ఉంటే ఏం చేసేది?

నావికుల కోసం ఆయన రాసిన పెద్ద పుస్తకం 1848లో వెలువడింది. దానికి నావికుల హార్న్‌బుక్ అని పేరు పెట్టారు. మన పిల్లలకు పెద్దబాలశిక్ష ఎలాంటిదో పూర్వం ఇంగ్లండు పిల్లలకు హార్న్‌బుక్ అలాంటిది. చెక్క పలక మీద అక్షరాల కాగితం అంటించి, పిల్లల వేళ్ళకు మాసిపోకుండా పైన పలచని కొమ్ము రేకు బిగించేవారు. కొమ్మును పలచగా చీరితే గాజులా అవతలి వైపు కనిపిస్తుంది. పిడింగ్టన్ తన పుస్తకంతో అలాంటి రెండు కొమ్ము రేకులు జతచేశారు. ఒక్కోదాని మీద తుఫాను చక్రం, గాలి బాణాలు గీసి ఉంటాయి. భూమధ్యరేఖకు ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి, ఎందుకంటే రెండు వైపులా సుడి తిరిగే తీరు వేరు. కెప్టెన్ ఆ రేకును తన పటం మీద పెట్టి, తన దగ్గర వీస్తున్న గాలికి సరిపోయే బాణం చోటుకు జరిపితే తుఫాను కేంద్రం ఎటు ఉందో కనిపిస్తుంది. చదువు తక్కువైన నావికుడు కూడా వాడగలడు.

మీరు కూడా చేసి చూడవచ్చు, రేకు అక్కర్లేదు. మన తీరంలో తుఫాను వేళ గాలికి ఎదురుగా ముఖం పెట్టి నిలబడండి. తుఫాను కేంద్రం మీ కుడిచేతి వైపు, కొంచెం వెనకగా ఉంటుంది. గాలి దిక్కు మారుతున్న కొద్దీ కేంద్రం ఎటు కదులుతున్నదో తెలుస్తుంది. అయితే గాలి పెద్దదైతే ఈ పరీక్ష కోసం గుమ్మం దాటకండి.

సైక్లోన్ అనే మాట ఈ పుస్తకంలోనే స్థిరపడింది. చుట్టకు, చక్రానికి సంబంధించిన గ్రీకు మాట నుంచి తీశారు. పాము చుట్ట చుట్టుకున్నట్టు గాలి తిరుగుతుందని భావం. తుఫానులకు ఆనాడు ఒక్కో సముద్రంలో ఒక్కో పేరు, ఒక్కో నావికుడి నోట ఒక్కో అర్థం. గాలి ఎంత బలమైనదైనా, సుడి ఎంత వంకరగా ఉన్నా సరిపోయే మాట ఒకటి కావాలని ఆయన కోరిక. సుడి సరిగ్గా గుండ్రంగానే ఉంటుందని తాను చెప్పడం లేదని జాగ్రత్త కూడా పడ్డారు. కానీ ఆయన కొమ్ము రేకుల మీద మాత్రం చక్రాలు గుండ్రంగానే ఉన్నాయి. నావికులు మాటలను మరచిపోయి బొమ్మను నమ్మారు. నిజానికి గాలి కేంద్రం వైపు ఒరుగుతూ లోపలికి తిరుగుతుంది. రేకును అక్షరాలా నమ్మిన కొందరు కేంద్రానికి దూరంగా పోతున్నామనుకుంటూ దగ్గరికే పోయారు. మారిషస్‌లో పనిచేసిన చార్లెస్ మెల్డ్రమ్ తర్వాతి కాలంలో ఈ పొరపాటును దిద్దారు. పిడింగ్టన్ గారిలోని ఈ లోపాన్ని దాచవలసిన అవసరం లేదు.

ఇక ఆ ఉత్తరం దగ్గరికి వద్దాం.

కలకత్తా రేవు సముద్రానికి చాలా లోపల, హుగ్లీ నది మీద ఉంది. ఆ నది ఇసుక మేటలు వేస్తున్నది. ఇంకొన్నేళ్ళలో పెద్ద ఓడలు రాలేవని వర్తకులకు బెంగ పట్టుకుంది. తూర్పున సుందరవనాల అంచున మాట్లా అనే నది ఉంది. లోతైనది, వెడల్పైనది, సముద్రానికి తిన్నగా తెరుచుకున్నది. అక్కడ కొత్త రేవు కట్టి, కలకత్తా నుంచి రైలు మార్గం వేస్తే సరిపోతుందని 1853లో ఆలోచన బలపడింది. మాట్లా అంటే బెంగాలీలో మత్తెక్కిన, పిచ్చెత్తిన అని అర్థం. ఆ పేరు పెట్టిన పడవవాళ్ళను ఎవరూ పిలిచి అడిగినట్టు లేదు.

పిడింగ్టన్ అదే సంవత్సరం గవర్నర్ జనరల్ డల్హౌసీ ప్రభువుకు ఉత్తరం రాసి, దాన్ని అచ్చు వేయించారు కూడా. బంగాళాఖాతపు సైక్లోన్లలో వచ్చే తుఫాను అల, సుందరవనాల్లో దాని పర్యవసానాలు అన్నదే ఆ ఉత్తరం విషయం. రేవు కట్టవద్దనడానికి ఆయన చూపిన కారణం గాలి కాదు. అక్కడ కట్టే ఊరు ఎప్పుడో ఒకనాడు, పెనుతుఫాను మధ్యలో, ఉప్పునీటి రాశి తన మీదికి దొర్లుకుంటూ రావడం చూడక తప్పదని రాశారు. అది ఎంత వేగంగా వస్తుందంటే తప్పించుకునే వ్యవధి ఉండదు. ఊరంతా 5 నుంచి 15 అడుగుల లోతున మునుగుతుంది. అందుకు సిద్ధపడిన వాళ్ళే అక్కడికి వెళ్ళాలి.

ఈ మాటల్లో ఆయన దేన్ని చెప్పారో, దేన్ని చెప్పలేదో గమనించండి. ఏ సంవత్సరం వస్తుందో చెప్పలేదు. అలా చెప్పడం ఆనాడు కాదు, ఈనాడు కూడా ఎవరి తరమూ కాదు. ఆయన అడిగింది వేరే ప్రశ్న. ఈ చోటు ఎలాంటిది? సముద్రం ఇక్కడ లోతా, మెరకా? తీరం తిన్నగా ఉందా, గరాటాలా లోపలికి ఇరుకవుతున్నదా? నేల నీటిమట్టానికి ఎంత ఎత్తున ఉంది? నది నోరు ఏ వైపు తెరుచుకొని ఉంది? తుఫాను పోటు వేళకు వస్తే ఏమిటి గతి? ఈ ప్రశ్నలకు జవాబు తెలిస్తే, తుఫాను ఎప్పుడు వచ్చినా ఆ చోట ఏం జరుగుతుందో ముందే చెప్పవచ్చు. ఈనాటి శాస్త్రజ్ఞులు తీరంలో ఏ ఊరికి ఎంత ఆపద ఉందో కంప్యూటర్ల మీద లెక్కకట్టేటప్పుడు అడిగే ప్రశ్నలు కూడా ఇంచుమించు ఇవే.

ఇప్పుడు తెలిసినంత వివరంగా ఆయనకు తెలియదు, నిజమే. తుఫాను కేంద్రంలో గాలి ఒత్తిడి తగ్గినందువల్ల సముద్రం కొంత పైకి ఉబుకుతుంది. ఒక మిల్లీబారు తగ్గితే సుమారు ఒక సెంటీమీటరు. యాభై మిల్లీబార్లు తగ్గినా అర మీటరు మాత్రమే. మిగిలిన ఎత్తంతా గాలి నెట్టుకొచ్చే నీటిదే. లోతైన సముద్రంలో నెట్టిన నీరు అడుగునుంచి వెనక్కి పోతుంది. మెరక తీరంలో పోవడానికి దారి లేక ఊళ్ళ మీద పడుతుంది. మన ఖాతం తల భాగమంతా అలాంటి మెరకే. ఇంకొకటి, తుఫాను నడిచే దారికి కుడివైపున గాలి సముద్రాన్ని ఒడ్డుమీదికి తోస్తుంది, ఎడమవైపున ఒడ్డునుంచి సముద్రంలోకి తోస్తుంది. 1977 నవంబరు 19న తుఫాను నిజాంపట్నం దగ్గర తీరం దాటితే ఉప్పెన మీద పడింది దానికి కుడివైపున ఉన్న దివిసీమ మీద. పదివేలమంది అని సర్కారు లెక్క. ఆ రాత్రిని చూసినవాళ్ళు మన విచారణల్లో ఇంకా ఉన్నారు. వాళ్ళకు నేను చెప్పవలసిందేమీ లేదు.

ప్రభుత్వం పిడింగ్టన్ మాట ఎందుకు వినలేదు? దుర్మార్గం వల్ల అని నేను అనను. హుగ్లీలో ఇసుక మేట ప్రతి సంవత్సరం కంటికి కనిపించే నష్టం. ఉప్పెన యాభై ఏళ్ళకో అరవై ఏళ్ళకో వచ్చేది. వర్తకుడికి ఈ ఏడాది లెక్క ముఖ్యం. పైగా మాట్లా ఒడ్డున అంతకుముందు పట్నం ఉంటే కదా, మునిగిన జ్ఞాపకం ఉండడానికి? కోరంగి వాళ్ళకు తాతలు చెప్పిన కథ ఉంది. సుందరవనాల్లో కొత్తగా భూమి కొన్న కంపెనీకి తాతలు లేరు.

పిడింగ్టన్ 1858 ఏప్రిల్ 7న కలకత్తాలో మరణించారు. రేవు పని ఆగలేదు. తర్వాతి గవర్నర్ జనరల్ పేరు మీద దానికి పోర్ట్ కానింగ్ అని పేరు పెట్టారు. 1863 నాటికి రైలు వచ్చింది. జెట్టీలు, గోదాములు, హోటలు లేచాయి. కంపెనీ వాటాల కోసం బొంబాయిలో కూడా ఎగబడ్డారు.

ఈలోగా 1864 వచ్చింది. అక్టోబరు 5న కలకత్తా మీద పెనుతుఫాను. హుగ్లీ వెంట ఉప్పెన పైకి ఎగదన్ని యాభై వేలమంది వరకు నీటిపాలయ్యారు. నెల తిరక్కముందే, నవంబరు 1న, మన మచిలీపట్నం. అక్కడ సుమారు ముప్పై వేలమంది. ఒకే నెలలో ఒకే ఖాతం ఒడ్డున ఇంత జరిగాక, 1865లో కలకత్తా రేవులో ఓడలకు తుఫాను హెచ్చరికలు ఇచ్చే ఏర్పాటు మొదలైంది. రేవుల్లో మనం చూసే ప్రమాద సూచికల వరసకు అదే ఆరంభం. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. పిడింగ్టన్ బతికుండగా ఒంటిచేత్తో చేసిన పనికి ఒక ఆఫీసు, జీతాలు, తంతి తీగలు వచ్చాయి. కానీ ఈ దెబ్బలన్నీ చూస్తూ కూడా పోర్ట్ కానింగ్‌లో కట్టడాలు సాగుతూనే ఉన్నాయి.

1867 నవంబరు 1న ఆ ఊరి వంతు వచ్చింది. ఉత్తరం రాసి పద్నాలుగేళ్ళు. నిజం చెప్పాలంటే అది ఆ ఖాతం చూసిన మహా ఉప్పెనల్లో ఒకటి కాదు. నీరు సుమారు ఆరు అడుగులు మాత్రమే లేచింది. ఆయన చెప్పిన 5 నుంచి 15 అడుగుల లెక్కలో అది కింది మెట్టు. అదే చాలింది. స్టేషను, గోదాములు, హోటలు కూలిపోయాయి. కంపెనీ ఇక కోలుకోలేదు. అయిదారేళ్ళలో రేవును వదిలేశారు. హుగ్లీ పూడిపోతుందన్న భయం మాత్రం అంత త్వరగా నిజం కాలేదు, కలకత్తా రేవు చాలాకాలం నడిచింది.

ఈ కథను అమితావ్ ఘోష్ 2004లో వెలువడిన తన ఇంగ్లీషు నవల, ది హంగ్రీ టైడ్‌లో చెప్పారు. నవల కనుక దానికి కొంత రంగు పూశారు, పిడింగ్టన్‌ను అందరూ వెర్రివాడని నవ్వినట్టు చూపారు. నవ్వారో లేదో గాని, నవ్వడం కన్నా సులువైన మార్గం ఇంకొకటి ఉంది. ఉత్తరం అందిందని గుర్తుపెట్టి ఫైలులో పెట్టేయడం. సర్కారు కాగితాలతో పనిపడిన మన పాఠకులకు ఆ సంగతి బాగా తెలుసు.

ఆయన అడిగిన ప్రశ్న వేసుకున్న చోట ఫలితం ఎలా ఉంటుందో కూడా మనం చూశాం. 1999 అక్టోబరులో ఒడిశా తీరాన్ని ముంచిన పెనుతుఫానులో సుమారు పదివేలమంది పోయారు. అదే తీరానికి 2013లో ఫైలిన్ తుఫాను వచ్చినప్పుడు, ఏ ఊళ్ళు పల్లంలో ఉన్నాయో, ఉప్పెన ఎంతదూరం రాగలదో ముందే గుర్తించి దాదాపు పది లక్షలమందిని మెరక చోట్లకు, పక్కా భవనాలకు తరలించారు. మరణాలు పదుల్లోనే ఆగాయి. గాలిని ఎవరూ ఆపలేదు, మనుషులను నీటి దారిలోంచి జరిపారు, అంతే.

కోరంగి రేవు కూడా పూర్వవైభవానికి తిరిగి రాలేదు. ఉప్పెనలతోపాటు గోదావరి తెచ్చిన ఒండ్రు దాన్ని సముద్రానికి దూరం చేసింది. ఓడలు కాకినాడకు మళ్ళాయి. ఇప్పుడక్కడ ఉన్న మడ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. ఆ చెట్ల వేళ్ళ మధ్య నుంచి వచ్చే ఉప్పెన కొంత వేగం తగ్గుతుందని వెనక పల్లెల వాళ్ళకు తెలుసు. బ్రిటన్ ఓడ చిక్కుకున్నది కూడా అలాంటి చెట్ల మధ్యనే కదా.

పోర్ట్ కానింగ్ సంగతి అడుగుతారా? కలకత్తాలోని సియాల్దా స్టేషనులో కానింగ్ లోకల్ ఇప్పటికీ ఎక్కవచ్చు. ఏ ఓడల కోసం ఆ పట్టాలు వేశారో ఆ ఓడలు రావడం మానేసి నూట యాభై ఏళ్ళయింది. చేపల బుట్టలు, కూలిపనికి వెళ్ళేవాళ్ళు, సుందరవనాల్లోని దీవులకు పోయేవాళ్ళు ఆ రైల్లో కిక్కిరిసి ఉంటారు. మాట్లా నది అక్కడ మేటలు వేసింది. ఊరికి గవర్నర్ జనరల్ పేరే నిలిచింది.